ఆరో నంబరు ప్లగ్గు

సిగ్గు చిన్నపిల్లలకు ఉంటే ముద్దుగా ఉంటుందంటారు. అదే సిగ్గు ఇరవై రెండేళ్ళ పిల్లకు ఉండి, ఆ పిల్ల ఒమన్‌లో బళ్ళు బాగుచేసే షెడ్డులో గుమాస్తాగా చేరితే ఎలా ఉంటుందో ఎవరూ రాసినట్టు లేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఆ రోజుల్లో బల్ల మీద ఫోన్ మోగితే నేను ఎత్తేదాన్ని కాదు. అది ఆగిపోయేదాకా దానివైపే చూస్తూ కూర్చుని, ఆగాక ఆ నంబరు కాగితం మీద రాసుకుని, "మీరు ఫోన్ చేసినట్టున్నారు, ఏం కావాలో చెప్పండి" అని మెసేజ్ పెట్టేదాన్ని. (చెప్పడానికి వాళ్ళు మళ్ళీ ఫోనే చేసేవారు.) నోటితో అనలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. రోజంతా పది మాటలు కూడా మాట్లాడకపోయినా పేజీలు మాత్రం నిండిపోయేవి.

అక్క అల్ సువైక్‌లో నర్సు. బావది దుక్మ్‌లో సైట్ పని, నెలకోసారి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అక్క ఒక ముసలమ్మకు నెలరోజులు చాకిరీ చేసి నడిపించింది. ఆ ముసలమ్మ కొడుకుదే ఈ షెడ్డు. అందరూ ఆయన్ని అర్బాబ్ అనేవారు, అంటే యజమాని. ఆ కృతజ్ఞతతో, డిగ్రీ అయ్యాక జగిత్యాలలో రెండేళ్ళు కిటికీ పక్కన పుస్తకాలు చదువుతూ కూర్చున్న నాకు వీసా ఇచ్చాడు. ఇచ్చేటప్పుడే అక్కతో ఒక మాట అన్నాడట: మూడు నెలలు చూస్తాను, పనికొస్తే ఉంచుకుంటాను, లేకపోతే మర్యాదగా విమానం ఎక్కిస్తాను అని. అక్క ఆ మాట నాకు చెప్పి, "నువ్వు పోతే ఈ రూమ్‌ల నాతోని మాట్లాడెటోళ్ళు ఎవ్వలే" అంది. నేనేదో తనతో తెగ మాట్లాడుతున్నట్టు. అయినా ఆ మాట నా గుండెలో దిగిపోయింది. అప్పట్నుంచి పనికొచ్చేదానిలా కనిపించడానికి నేను చేసిన ప్రయత్నాల్లో ఒకటి ఇది.

షెడ్డులో మొత్తం ఐదుగురు. అందరికీ పెద్ద ఉస్తాద్. కడప నుంచి వచ్చి ఇక్కడే గడ్డం నెరిసినవాడు. ఇంట్లో దక్కనీ, మాతో కడప తెలుగు, బళ్ళతో ఏ భాషో. గడ్డం నెరిసినా మీసం మాత్రం కారునలుపు. రెండోవాడు మా జగిత్యాల వైపు కాక. అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ కాకే. ఇక ఒక మలయాళీ పెయింటరు, రేకు పని చేసే అన్నదమ్ములు ఇద్దరు. నాతో కలిపితే ఆరుగురం. నాకొక గాజు గది ఇచ్చారు, ఏసీ ఉండేది. బయట చెమటోడ్చే ఐదుగురూ నన్ను చూసి అదృష్టవంతురాలిని అనుకునేవారు. నేనేమో ఆ అద్దంలోంచి వాళ్ళ పెదాలు కదలడం చూస్తూ, ఏ మాటకు నవ్వుతున్నారో ఊహించుకునేదాన్ని.

మధ్యాహ్నం ఒంటిగంటకు షెడ్డు మూసి మళ్ళీ నాలుగింటికి తెరిచేవారు. వంతులవారీగా ఒకరు వండేవారు. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి వరసగా కూర్చునేవారు. ఎవరు వండినా వడ్డించేది కాకే. మొదటి పళ్ళెం ఉస్తాద్‌ది, తరవాత పెయింటరు, తరవాత అన్నదమ్ములు, తరవాత కాక తన పళ్ళెంలో కొంచెం వేసుకుని, చివరి పళ్ళెం మూతపెట్టి నా గాజుగదికి పంపేవాడు. ఆ గిన్నె నా దాకా వచ్చేసరికి చేపముక్కలు అయిపోయి పులుసూ తోకా మిగిలేవి. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, గరిటె ముందు ముంచినచోట ముక్కలు పడతాయి, అంతే. ఒకరోజు కాక నా పళ్ళెం చూసి నొచ్చుకుని, రేపట్నుంచి ఇంకో చేప ఎక్కువ వండమన్నాడు. వండారు. మొదటి నలుగురికీ ఒక్కో ముక్క ఎక్కువ పడింది. నాకు తోకే వచ్చింది, కాకపోతే కాస్త పెద్ద తోక. అడిగితే వేసేవారు. అడగడమే నాకు రాని విద్య. తిన్నాక వాళ్ళు వెనక రూమ్‌లో నడుం వాల్చేవారు. అక్కకు డ్యూటీ, నన్ను ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు లేరు. మూడు గంటలపాటు నేనూ, ఏసీ చప్పుడూ, డైరీ. మధ్యాహ్నం అంత పొడుగ్గా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

ఇంతలో అర్బాబ్ వాళ్ళ నాన్న జీపు వచ్చింది. ఎనభై దాటిన పెద్దాయన. జీపు నాకంటే చాలా పెద్దది. ఇసుక రంగు, ఆరు సిలిండర్లు, ఆ ఆరింటికీ పెట్రోలూ గాలీ కలిపి పంపడానికి మధ్యలో ఒకే ఒక్క కార్బురేటరు. ఇంట్లో ఎన్ని కొత్త బళ్ళున్నా పెద్దాయన తన ఖర్జూరం తోటకు దాంట్లోనే, తనే నడుపుకుంటూ వెళ్ళాలి. అది కొన్నాళ్ళుగా దగ్గుతూ, వణుకుతూ, సరిగ్గా రౌండబౌట్ మధ్యలో ఆగిపోతోంది. ఇదివరకే ఎక్కడెక్కడో చూపించారట. ఇక సొంత షెడ్డులోనూ కాకపోతే దాన్ని తుక్కుకు ఇచ్చేస్తానని అర్బాబ్ అన్నాడని తెలిసింది. పెద్దాయన మాత్రం రోజూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులోంచి వాళ్ళ కాఫీ కహ్వా పోసుకుని తాగుతూ జీపు ఎదురుగా కూర్చునేవాడు. ఆస్పత్రిలో మనవాళ్ళ మంచం పక్కన కూర్చున్నట్టు. మధ్యాహ్నం షెడ్డు మూసినా కదలక ఆ కుర్చీలోనే కునికేవాడు. మా ఇద్దరికీ మధ్య ఒక్క మాట కూడా లేదు గానీ, ఆ షెడ్డులో మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం మేమిద్దరమే కాబట్టి ఆయనంటే నాకొక చుట్టరికం ఉన్నట్టుండేది.

కాక జీపును తోట దారిలో గట్టిగా పరుగెత్తించి తెచ్చి, సిలిండరుకొకటి ఉండే ఆరు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, గుడ్లు పెట్టే అట్ట ట్రేలో వరసగా గుచ్చి, ఒక్కో గుంటకు అంకె వేసి, ఇసుక పడకుండా నా గదిలో పెట్టేవాడు. అవెందుకని నేను అడగలేదు, కానీ నా చూపు కనిపెట్టి తనే చెప్పాడు. "ప్లగ్గంటే ఇంజను నాలిక బిడ్డా. డాక్టరు నాలిక జూస్తడు గద, గట్ల జూడాలె. నల్లగుంటె పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగుంటె పస్తులున్నట్టు. బిస్కట్ రంగుంటె సల్లగ బతుకుతున్నట్టు." నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ మధ్యాహ్నమే డైరీలో ఆరు ప్లగ్గుల రంగులూ రాసుకున్నాను. పని కోసం కాదు. రాయడానికి ఇంకేముంది గనక. పైగా ఆరు నాలుకలు, మేమూ ఆరుగురం. భోజనాల వరసలో ఒక్కొక్కరికీ ఒక్కో ప్లగ్గు కేటాయించి, ఎవరెలా ఉన్నారో రాసుకుంటూ ఒంటరిగా నవ్వుకున్నాను.

తరవాత ఉస్తాద్ కార్బురేటర్‌లో జెట్ మార్చాడు. జెట్ అంటే పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం. పెద్దది పెడితే ఎక్కువ వస్తుంది. పెద్దది పెడితే జీపు నల్లటి పొగ కక్కింది. ప్లగ్గులు నా గదికి వచ్చాయి, నేను రాసుకున్నాను. చిన్నది పెడితే ఎత్తు ఎక్కలేక మూలిగింది. ప్లగ్గులు మళ్ళీ నా గదికి వచ్చాయి. అది బుధవారం. మర్నాడు గురువారం పొద్దున అర్బాబ్ వచ్చి జీపు సంగతి తేలుస్తాడు. అదే గురువారానికి నా మూడు నెలలూ పూర్తవుతాయి. భోజనాలయ్యాయి. కాక కార్బురేటరు విప్పి ముక్కలుగా బయట పనిబల్ల మీద పరిచి, నాలుగింటికి ఉస్తాదూ తనూ కలిసి ప్లగ్గులు చూస్తామని చెప్పి పడుకోవడానికి వెళ్ళాడు.

నేను డైరీ రాశాను. రాశాక కూడా నాలుగింటికి చాలా సమయం ఉంది. మూడు నెలల్లో నేను ఏం చేశాను అని ఆలోచించాను. ఎత్తని ఫోన్లు తప్ప ఏమీ గుర్తు రాలేదు. అప్పుడు నా కళ్ళు ఆ ప్లగ్గుల మీద పడ్డాయి. మసి, నూనె, జిడ్డు. మా ఇంట్లో ఒక నియమం ఉండేది: చేతులు ఖాళీగా ఉంటే ఏదో ఒక గిన్నె తోము, కష్టం అదే పోతుంది అనేది అమ్మ. (మా ఇంట్లో గిన్నెలు అద్దాల్లా మెరిసేవి. కష్టాలు ఎక్కువని కాబోలు.) ఆ ఆరు ప్లగ్గులనూ వంటగది తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, గిన్నెల సబ్బు వేసి, స్టీలు పీచుతో రుద్దాను. సందుల్లో మసిని జడపిన్నుతో తీశాను. నా చున్నీతో తుడిచి ఆరబెట్టాను. జిడ్డోడుతున్న గుడ్ల ట్రేని చెత్తలో పారేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒక స్టీలు పళ్ళెం తీసుకుని ఆరింటినీ మొనలు లోపలికి వచ్చేలా గుండ్రంగా, ఆరు రేకుల పువ్వులా పేర్చి, బల్ల మధ్యలో పెట్టి, నాలుగు ఎప్పుడవుతుందా అని కూర్చున్నాను. ఆ మూడు నెలల్లో నేను సంతోషంగా ఎదురుచూసిన మొదటి నాలుగు అదే.

కాక వచ్చి పళ్ళెం చూసి, "కొత్తయి తెప్పించిన్రా బిడ్డా" అన్నాడు. నేను నవ్వుతూ తల అడ్డంగా ఊపి, "అవే" అన్నాను. కాక మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మాత్రం చెత్తబుట్ట వైపు, అందులోని గుడ్ల ట్రే వైపు వెళ్ళాయి. ఈలోగా ఉస్తాద్ వచ్చాడు. ఒక ప్లగ్గు తీసి వెలుగుకు పెట్టి చూశాడు. ఇంకోటి తీశాడు. వాసన చూశాడు. నిమ్మకాయ వాసన.

"సాక్ష్యాన్నంతా సబ్బు పెట్టి కడిగినావే పాపా" అన్నాడు.

కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. నాకు అప్పటికి అర్థమైంది. నాలుకను చూడాలని చెప్పినవాళ్ళకి నేను నాలుక గీసి ఇచ్చాను. పైగా ఏది ఎన్నో నంబరో కూడా లేకుండా పువ్వు చేశాను. మళ్ళీ పరుగెత్తించి చూద్దామా అంటే కార్బురేటరు ముక్కలుగా బల్ల మీద ఉంది. పోనీ మొదటిసారివైనా గుర్తున్నాయా అంటే మధ్యవి నల్లగా ఉండెనని కాక, కాదు ముందువని ఉస్తాద్, ఇద్దరూ వాదించుకున్నారు. పెయింటరూ అన్నదమ్ములూ గాజుగది బయట గుమిగూడారు. వాళ్ళ వెనక పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను మనసులో అప్పుడే పెట్టె సర్దుకుంటున్నాను. అక్క రూమ్‌లో ఒక్కతే కూర్చుని అన్నం తింటూ కనిపించింది.

అప్పుడు నా నోటినుంచి ఒక మాట వచ్చింది. "రాసిన" అన్నాను. ఏంది అన్నాడు కాక. డైరీ తీశాను. నేనే చదివి, చదవాల్సినంత వరకే చదవాలని నా ఉద్దేశం. పేజీ తెరిచాను, చదవలేక కాక వైపు చాపాను. కాక కళ్ళజోడు రూమ్‌లో ఉంది. ఉస్తాద్ నా చేతిలోంచి డైరీ తీసుకుని, చిన్నప్పుడు కడప బడిలో చదివినట్టు, ఒక్కో అక్షరం నొక్కి, షెడ్డంతా వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.

"బుధవారం. ఒకటి: నల్లగా, తడిగా, ఉస్తాద్ గారి మీసంలా నిగనిగలాడుతూ ఉంది. రంగు వేసినట్టే ఉంది."

ఆగాడు. చెయ్యి మీసం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అద్దం అవతల అన్నదమ్ములిద్దరూ ఒక్కసారిగా నేల వైపు చూడసాగారు. వాళ్ళకు తెలుగు రాకపోయినా ఉస్తాద్ అనే మాటా, ఆ చెయ్యి వెళ్ళిన చోటూ చాలు. రెండు పెయింటరు, నల్లగా, తిన్నదరగక. మూడూ నాలుగూ అన్నదమ్ములు, మసి తక్కువ, బిస్కట్ రంగుకు దగ్గర. ఐదు కాక, వెలిసిపోయి ఉంది, అందరికీ వడ్డించి తనకు మిగుల్చుకోడు. కాక ఎందుకో వెళ్ళి ఏసీ సరిచేశాడు. దాన్ని సరిచేయాల్సిన పని లేదు.

"ఆరు: సున్నం ముక్కలా తెల్లగా. కొసన ఉంది కాబట్టి దీని దాకా ఏదీ రాదు. ఇది అడగదు కూడా. ఆరు..."

ఉస్తాద్ అక్కడ ఆగిపోయాడు. తరవాతి మాట 'నేనే' అని నాకు తెలుసు. ఆయన దాన్ని పైకి చదవలేదు. ఎవరూ నవ్వలేదు. నేను పళ్ళెంలోని పువ్వును చూస్తూ, ఈ భూమి సంగతి పుస్తకాల్లో అందరూ రాసేదే నిజమై, చీలి నన్ను మింగితే ఎంత హాయి అనుకున్నాను. ఉస్తాద్ పేజీలు వెనక్కి తిప్పాడు. పెద్ద జెట్ పెట్టిన రోజు చూశాడు. మొదటి రోజు చూశాడు. మళ్ళీ బుధవారానికి వచ్చాడు. మూడు పేజీల మధ్య మూడు వేళ్ళు పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"కాకా, జెట్‌ది కాదు ఇది" అన్నాడు. "పెద్దది పెట్టినా ఆరు తెల్లగనే ఉండాది, చిన్నది పెట్టినా తెల్లగనే ఉండాది. ఒకటేమో ఎప్పుడూ మునిగే ఉండాది. వంట తక్కువై కాదబ్బా. వడ్డించే కాడ ఉండాది తేడా."

కాక నా వైపు చూడలేదు. నేరుగా బయట పనిబల్ల దగ్గరికి వెళ్ళి, కార్బురేటరు కింద, పెట్రోలూ గాలీ కలిసి ఆరు సిలిండర్లకూ చీలిపోయే గొట్టం నోటి మీద వేసే మందపాటి గ్యాస్కెట్ అట్టను చేతిలోకి తీసుకున్నాడు. ఇదివరకు ఎవరో చేత్తో కత్తిరించినది. దాన్ని గొట్టం నోటి మీద పెట్టి, గోటితో చుట్టూ తడిమాడు. వెనక వైపు గోరు ఆగింది. రంధ్రం సరిగ్గా కొయ్యలేదు. ఆ వైపు అట్ట అంచు గోరంత లోపలికి, గడపలా పొడుచుకొచ్చింది. గాలి తేలిక కాబట్టి గడప దాటి పోతుందనీ, పెట్రోలు చుక్కలు బరువు కాబట్టి గోడ వెంబడి జారుతూ వచ్చి గడపకు తగిలి ఒకటి, రెండు నంబర్లున్న ముందు సిలిండర్ల వైపే పడిపోతాయనీ కాక చెప్పాడు. ఎవరికి చెప్పాడో తెలియదు. గోరంత అట్ట. దాన్ని ఎవరూ చూడలేదు, అందరూ పెట్రోలు పెంచడమూ తగ్గించడమూ చేస్తూ వచ్చారు.

కొత్త అట్ట కత్తిరించి, అన్నీ బిగించి, గురువారం పొద్దున్నే జీపును బయటికి తీశారు. ఈసారి పెద్దాయన కాకను దింపేసి తనే ఎక్కాడు. తోటకు వెళ్ళి తిరిగి వచ్చాడు. రౌండబౌట్ దగ్గర ఒక చుట్టు సరిపోయేదానికి మూడు చుట్లు తిరిగాడని కాపలాకు వెనక వెళ్ళిన పెయింటరు చెప్పాడు. ప్లగ్గులు విప్పారు. ఉస్తాద్ నన్ను గదిలోంచి బయటికి పిలిచి, రాసుకోమన్నాడు. ఒకటి బిస్కట్. రెండు బిస్కట్. ఐదు దాకా బిస్కటే. ఆరు కూడా బిస్కటే, కొద్దిగా తెలుపు మిగిలింది. అది చూసి కాక, "కొసకున్నదానికి గామాత్రం ఉంటది బిడ్డా, తప్పది" అన్నాడు. దాన్నీ రాసుకున్నాను.

అర్బాబ్ వచ్చి, నా వైపు చూపించి, ఈ అమ్మాయి సంగతేమిటని హిందీలో అడిగాడు. షెడ్డులో రికార్డంతా ఈ పిల్ల దగ్గరే ఉంటుందని, ఇది లేకపోతే జీపు లేదని ఉస్తాద్ చెప్పాడు. సబ్బు గురించి ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు పెద్దాయన కొడుకు భుజం తట్టి, ఎడమ చేతిలో ప్లగ్గు ఉన్నట్టు, కుడిచేత్తో పీచు పట్టుకుని రుద్దుతున్నట్టు అభినయించి, జడపిన్నును కూడా వదలకుండా చూపించి, పళ్ళు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టాడు. (ఆయన పడుకోలేదన్నమాట. వంటగది కిటికీలోంచి అంతా చూశాడు. ఆపాలని తోచలేదో, నాలాగే సిగ్గుపడ్డాడో.) అర్బాబ్ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, ఉండమన్నాడు. షెడ్డులో ఇకనుంచి ప్లగ్గుల రిజిస్టరు నేనే రాయాలి. ప్లగ్గులను ముట్టుకోకూడదు.

శనివారం మధ్యాహ్నం మొదటి పళ్ళెం నా గదికి వచ్చింది. మూత తీస్తే మూడు చేపముక్కలు, అవీ నడిమివి. అద్దంలోంచి చూశాను. ఉస్తాద్ పళ్ళెంలో తోక ఉంది. ఆయన నా వైపు చూడకుండా దాన్ని శ్రద్ధగా తింటున్నాడు. వద్దనడం కూడా అడగడమంత కష్టమే కాబట్టి మూడూ తినేశాను. తిని, అలవాటు లేని బరువుతో బల్ల మీదే తలపెట్టి నిద్రపోయాను. ఫోన్ మోగింది. నిద్రలో భయపడటం మర్చిపోయి ఎత్తి, "హలో" అన్నాను. అవతల అక్క గొంతు, అనుమానంగా, "ఎవలు" అంది.

ఇదంతా జరిగి ఏడేళ్ళు. ఇప్పుడు నేను మస్కట్‌లో విడిభాగాలమ్మే కంపెనీలో పనిచేస్తున్నాను. ఫోన్లు ఎత్తుతాను, అరబిక్‌లో కూడా. ఇక్కడ ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరూ ఎవరికీ వడ్డించరు. కాబట్టి తోక ఎవరికి వచ్చిందో తెలిసే దారి లేదు. అక్క బావ దగ్గరికి దుక్మ్ వెళ్ళిపోయింది. కాక ఊరికి వెళ్ళిపోయాడు. డైరీ రాస్తూనే ఉన్నాను, మధ్యాహ్నాలు ఇప్పటికీ పొడుగ్గానే ఉంటాయి. అప్పుడప్పుడూ ఆ బుధవారం పేజీ తీసి చూసుకుంటాను. అన్నీ గమనించి, అన్నీ రాసి, ఒక్క చేపముక్క అడగలేకపోయిన ఆ పిల్లను చూస్తే జాలి కంటే ముందు నవ్వొస్తుంది. జాలి తరవాత వస్తుంది, వచ్చి కాస్త ఎక్కువసేపే ఉంటుంది.

ఉస్తాద్ ఇప్పుడు బురైమిలో సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. ఏదైనా పాత బండి లొంగకపోతే దాని ఇంజను చప్పుడు రికార్డు చేసి నాకు పంపుతాడు, చివర్లో "యా సిలిండరో చెప్పు పాపా" అని. చప్పుడు విని చెప్పడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నేను ప్రతిసారీ ఒకటే జవాబు పెడతాను: ఆరు చూడండి ఉస్తాద్.

మొన్న అలాగే పెట్టాను. సాయంత్రానికి ఆయన గొంతు వచ్చింది. "ఈ బండికి ఉండేదే నాలుగు సిలిండర్లు పాపా" అన్నాడు. వెనక ఎవరో సుత్తితో రేకు కొడుతున్న చప్పుడు. తరవాత అన్నాడు, "అయినా చూసినాలే."